వాళ్ళింట్లో దానికో చోటు

పక్క ఊళ్ళో చుట్టాలింటికి వెళ్ళేటప్పుడు ఏం పట్టుకెళ్ళాలన్నది మాకు పెద్ద ఆలోచన కాదు. పెరట్లో మునక్కాడలు దిగితే మునక్కాడలు, గెల పండితే రెండు అత్తాలు, పండగ రోజులైతే స్టీలు డబ్బాలో అరిసెలు. ఆ ఇంటి పెద్దాయనకి షుగరుందని తెలుసు కాబట్టి ఆయన కోసం జంతికలు విడిగా పొట్లం కడతాం. కోడలు నీళ్ళోసుకుందని కబురొస్తే చింతకాయ పచ్చడి. ఇచ్చేదాంట్లో సగమే వస్తువు, మిగతా సగం ఆ ఇంటి గురించి మనకు తెలిసిన సంగతి. తెలియని ఇంటికి వెళ్ళేటప్పుడు ఆ రెండో సగం చేతిలో ఉండదు. అందుకే పోలవరంలో కూర్చుని, రష్యాలో వోల్గా ఒడ్డున రిబిన్స్క్ అనే ఊళ్ళో ఒక ఇంటికి ఏం పట్టుకెళ్ళాలో తేల్చుకోవడానికి నాకు వేసవంతా పట్టింది.

మా అన్నయ్య కూతురు యారొస్లావ్ల్‌లో మెడిసిన్ చదువుతోంది. మన పిల్లలు రష్యాకి డాక్టరు చదువులకి వెళ్ళడం ఇప్పుడు కొత్తేం కాదు. త్వేర్, కుర్స్క్, స్మొలెన్స్క్, కజాన్ లాంటి, ఒకప్పుడు అనువాద నవలల్లో మాత్రమే కనిపించిన ఊళ్ళ పేర్లు ఏలూరులోనూ జంగారెడ్డిగూడెంలోనూ ఇంటి అరుగుల మీద వినిపిస్తున్నాయి. మొదటి ఏడాది మా పిల్లకి రష్యన్ నేర్పిన టీచరుగారు, మంచులో టోపీ లేకుండా తిరుగుతున్నావేమిటని కోప్పడి తన ఊలు శాలువా తెచ్చి కప్పిన మనిషి, రిటైరై సొంతూరు రిబిన్స్క్ చేరింది. మీవాళ్ళు ఎప్పుడైనా వస్తే మా ఇంటికి తీసుకురా అని పిలిచింది. యారొస్లావ్ల్ నుంచి వోల్గా వెంట ఎగువకి ఎనభై కిలోమీటర్లు. ఆగస్టులో వెళ్దామనుకున్నాం.

ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి మా వీధిలో తలా ఒక సలహా. ఉప్పాడ జాంధానీ చీర పట్టుకెళ్ళమన్నారు. కొండపల్లి దశావతారాలన్నారు. తాపేశ్వరం కాజా అన్నారు. మా వదిన ఆవకాయ జాడీ సిద్ధం చేసింది గానీ అది తన కూతురికి, అందులో మాటే లేదు. మా మేనకోడలు మాత్రం ఫోనులో ఒకటే హెచ్చరించింది: "అత్తా, ఏనుగు బొమ్మ ఒక్కటి తేకు. ఆవిడ దగ్గర చదువుకున్న ఇండియా పిల్లలందరూ ఏనుగులే ఇచ్చారు. బీరువా నిండిపోయింది."

ఆ బీరువా నా మనసులో ఉండిపోయింది. ఇచ్చినవాళ్ళంతా ప్రేమగా ఇచ్చినవే అవి. అయినా ప్రతి ఏనుగూ చెప్పేది ఒకటే మాట, మేం ఇండియా నుంచి వచ్చాం అని. ఉప్పాడ చీర కూడా అదే చెబుతుంది. ఆవిడ ఆ చీర ఎక్కడ కట్టుకుంటుంది? ఎలా కట్టుకుంటుంది? పారేయలేక, వాడలేక, ఎప్పుడైనా మేం మళ్ళీ వస్తే చూపించాలి కాబట్టి మడతపెట్టి దాచాలి. ఆ నేతగాళ్ళ పనితనానికీ అది న్యాయం కాదు. మన గొప్ప చెప్పుకోవడానికి ఇచ్చే వస్తువు అవతలివాళ్ళ నెత్తిన ఒక బరువు పెడుతుంది. వాళ్ళింట్లో దానికో చోటుండాలి. ఆ చోటు మనం వెతికిపెట్టి మరీ ఇవ్వాలి. నేను తేల్చుకున్న మొదటి మాట ఇది.

ఆ లెక్కన పూతరేకులు వెంటనే ఖాయమయ్యాయి. తిని అయిపోయేదానికి చోటు వెతకక్కర్లేదు. పైగా ఆత్రేయపురం మాకు గోదావరి దిగువన ఉన్న ఊరే. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట, బియ్యప్పిండి పాలలో ముంచిన పల్చటి గుడ్డ, దాన్ని కుండ మీద అలా పరిచి లాగెయ్యగానే లేచే రేకు. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. విరిగిపోతాయన్న భయం ఒకటే. బిస్కెట్ల రేకు డబ్బాలో అడుగునా పైనా మెత్తటి గుడ్డ వేసి, చేతి సంచిలోనే పెట్టుకోవాలని నిశ్చయించుకున్నాను.

కానీ ఆవిడకని ఇవ్వడానికి ఒకటుండాలి కదా.

ఈ వెతుకులాటలో నాకు తోడు దొరికినవాడు ఐదున్నర శతాబ్దాల కిందటి వర్తకుడు, త్వేర్ నివాసి అఫనాసీ నికితిన్. 1460ల చివర్లో వోల్గా మీద పడవెక్కి, ఉగ్లిచ్ దాటి, కొస్త్రొమా దాటి బయల్దేరాడు. అంటే సరిగ్గా మేం వెళ్ళబోయే చోటు పక్కనుంచే పోయాడు. అస్త్రఖాన్ దగ్గర దోచుకున్నారు. అయినా ఆగకుండా పర్షియా మీదుగా సముద్రం దాటి బహమనీ సుల్తానుల బీదరు దాకా వచ్చాడు. అమ్ముదామని వెంట తెచ్చుకుంది ఒక్క మగ గుర్రాన్ని. జున్నరులో ఖాను దాన్ని లాక్కున్నాడు, తరవాత తిరిగిచ్చాడు, చివరికి బీదరులో అమ్మాడు. ఆ యాత్ర పుస్తకంలో అతను బాధపడి రాసిన సంగతి ఒకటుంది. తన దేశానికి పనికొచ్చే సరుకు ఇక్కడేమీ దొరకలేదట. మిరియాలూ రంగులూ చవకే గానీ సుంకాలు ఎక్కువ. అంత దూరం వచ్చి, ఏం పట్టుకెళ్ళాలో తెలియక తిరుగుముఖం పట్టిన మనిషి అతను. ఇల్లు చేరకుండానే స్మొలెన్స్క్ దరిదాపుల్లో చనిపోయాడు. పట్టుకెళ్ళిన సరుకేదీ లోకానికి గుర్తులేదు, రాసుకున్న పుస్తకం మాత్రం మిగిలింది. త్వేర్‌లో నది ఒడ్డున 1955లో అతని విగ్రహం పెట్టారు.

వర్తకుడు వెతికేది అక్కడ దొరకని వస్తువు కోసం. అతిథి వెతకాల్సింది వేరు. లోకంలో ఎక్కడెక్కడి సరుకూ అంగట్లో దొరికే ఈ కాలంలో 'అక్కడ దొరకనిది' అన్నమాటకి బలం తగ్గింది. ఏ వస్తువుని చూడగానే ఆ ఇంటి మనిషికి దాని విలువ దానంతటదే తెలుస్తుందో అది వెతకాలి.

ఇచ్చే తీరులో మాత్రం నాకు కొత్తగా నేర్చుకోవాల్సింది పెద్దగా కనిపించలేదు. గడప మీద నిలబడి ఏదీ ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు అని మా నాయనమ్మ చెప్పేది. రష్యాలోనూ అదే పట్టింపు, లోపలికి వచ్చాకే ఇవ్వాలి. పూలు బేసి సంఖ్యలో తీసుకెళ్ళాలి, సరిసంఖ్య చావుకి. మనమూ చదివింపుల్లో నూటికి పైన ఒక్క రూపాయైనా చేర్చకుండా ఇవ్వం. కత్తీ కత్తెరా ఇవ్వకూడదు, ఇవ్వాల్సివస్తే పుచ్చుకున్నవాళ్ళు ఒక నాణెం చేతిలో పెట్టి కొనుక్కున్నట్టు చేస్తారు. ఖాళీ పర్సు ఇవ్వకూడదు, లోపల ఒక నాణెమైనా వెయ్యాలి. ఇంట్లో అడుగుపెట్టగానే చెప్పులు విప్పాలి, వాళ్ళు ఇంట్లో తొడుక్కునే మెత్తని చెప్పులు ఇస్తారు. ఈ పట్టింపులన్నీ మా పిల్ల ఏకరువు పెడుతుంటే మా వదిన "మనవాళ్ళే" అంది.

మనవాళ్ళే అన్న మాట ఎంత నిజమో ఆ తరవాత తెలిసింది. టీచరుగారి తల్లిది రిబిన్స్క్ కాదు, మొలొగా.

మొలొగా ఇప్పుడు లేదు. మొలొగా నది వోల్గాలో కలిసేచోట, 12వ శతాబ్దం నుంచే చరిత్రకెక్కిన పట్నం. చుట్టూ వరద నీటికి మేటవేసే పచ్చిక బయళ్ళు, మన లంక భూముల లాంటివే. ఆ గడ్డి తిన్న ఆవుల వెన్నకి పేరు. 1935లో సోవియట్ ప్రభుత్వం రిబిన్స్క్ దగ్గర ఆనకట్ట కట్టి కరెంటు తియ్యాలని నిర్ణయించింది. మొదటి నమూనాలో నీటిమట్టం 98 మీటర్లు. తరవాత దాన్ని 102 చేశారు. ఆ నాలుగు మీటర్లే మొలొగాని ముంచాయి. పనిలో పెట్టింది ఖైదీలని. 1941 ఏప్రిల్‌లో నీరు నింపడం మొదలుపెట్టారు, నిండేసరికి 1947 వచ్చింది. 4,580 చదరపు కిలోమీటర్ల నీరు, ఏడొందలకు దగ్గరగా పల్లెలు, దాదాపు 1,30,000 మంది మనుషులు. అక్కడివాళ్ళు దాన్ని సముద్రమనే పిలుస్తారు.

98, 102 అన్న అంకెలు చదివినప్పుడు నా చెయ్యి ఆగిపోయింది. మా వైపు చిన్నపిల్లలకి కూడా నోటికొచ్చిన అంకెలు 41.15, 45.72. మా దగ్గర కడుతున్న పోలవరం డ్యాంలో నీరు ఏ మట్టానికి నిలిపితే ఏ ఊరు మునుగుతుంది, ఎవరికి పునరావాస ప్యాకేజీ ఇప్పుడొస్తుంది, ఎవరికి తరవాత అన్నదంతా ఆ కాంటూరు లెక్క మీదే నడుస్తోంది. టీకొట్టు దగ్గర కూర్చున్నా అదే మాట, పెళ్ళి పందిట్లోనైనా అదే మాట. ఇంకో సంగతి. పోలవరం దగ్గర గోదావరికి జలాశయం కట్టాలన్న ఆలోచన మద్రాసు ప్రెసిడెన్సీలో మొదట కాగితం మీదికొచ్చింది కూడా 1941లోనే. చీఫ్ ఇంజనీరు ఎల్. వెంకటకృష్ణ అయ్యర్ సర్వే చేశారు. నీరు భద్రాద్రి రాముడి పాదాల దాకా వస్తుందని రామపాదసాగర్ అన్నారు. అక్కడ నీరు ఎక్కుతున్న ఏడాది ఇక్కడ గీత గీశారు.

డ్యాం దగ్గరగా ఉన్న రామయ్యపేట, పైడిపాక, చేగొండపల్లి, సింగన్నపల్లి, దేవరగొంది, మామిడిగొంది, తోటగొంది, ఈ ఏడు ఊళ్ళూ ముందు లేచాయి. ఎగువన దేవీపట్నం వైపు ఊళ్ళు తరవాత. మొత్తం ముంపు కిందికి వచ్చేవి 370కి పైగా ఆవాసాలు, లక్షకు దగ్గరగా కుటుంబాలు. ప్రాజెక్టు రావాలని కోరుకున్న ఊరే మాది. కాలువ కింద తడిసే పొలాలున్నవాళ్ళం, దాని విలువ తెలిసినవాళ్ళం. ఆ నీటి కోసం ఇల్లు ఒదిలినవాళ్ళూ మా సంతలో మా పక్కనే కూరగాయలు బేరమాడేవాళ్ళు. ఈ రెండు సంగతులూ ఒకే గుండెలో పెట్టుకుని బతకడం పోలవరం మనిషికి అలవాటైంది గానీ తేలికైతే కాలేదు.

మొలొగా కథ తెలిసిన వెంటనే ఏం పట్టుకెళ్ళాలో తెలిసిపోయిందనుకున్నాను. మా ఇంట్లో ఒక వెదురు బుట్ట ఉంది. ఎగువ కొండల్లోంచి పునరావాస కాలనీకి వచ్చిన ఒక కొండరెడ్డి తాత అల్లింది. కొండమీద ఉన్నప్పుడు గుమ్మం దాటితే వెదురు, కాలనీలో ఒక్కో బొంగూ కొనుక్కోవాలి. కొండ మీద కొట్టి తెచ్చిన ఆఖరి వెదురుతో అల్లిందని నాకిచ్చాడు. మునిగిన ఊరి కూతురికి మునుగుతున్న ఊరి బుట్ట. ఇంతకంటే ఏం కావాలి?

రెండు రోజులు ఆ బుట్టని సంచి పక్కన పెట్టుకుని తిరిగాను. ఎంత ఆలోచిస్తే అంత వెనక్కి లాగింది. ఆవిడ మనల్ని పిలిచింది టీ తాగడానికి. టీ బల్ల మీద వాళ్ళమ్మ మునిగిపోయిన ఊరిని పెడితే ఏడవడమో, ఏడవకుండా ఉండటానికి కష్టపడటమో, రెండిట్లో ఒకటి ఆవిడ చెయ్యాల్సివస్తుంది. దుఃఖాన్ని కానుకగా ఇవ్వడమంటే అవతలి మనిషిని కూడా దుఃఖం బయటపెట్టమని అడగడమే. అది ఆవిడ ఇష్టం మీద, ఆవిడకి వీలైనప్పుడు రావాలి. ఆ తలుపు తెరవడానికి మనం తాళాలు తీసుకెళ్ళకూడదు. పైగా ఆ బుట్ట తాత నాకిచ్చింది. అది నా ఇంట్లో ఉండాల్సిన వస్తువు.

ఆ తరవాతే నరసాపురం లేసు గుర్తొచ్చింది. మిషనరీల దగ్గర 19వ శతాబ్దంలో నేర్చుకున్న అల్లకం అది. నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు పల్లెల్లో వేలాదిమంది ఆడవాళ్ళు మధ్యాహ్నం వంట ముగిసి అరుగెక్కాక క్రోషే సూదీ దారం ఉండా పట్టుకుంటారు. ఒకరు పువ్వులు అల్లితే ఇంకొకరు వాటిని కలిపి గుడ్డ చేస్తారు, మొదటిది చేతిపని, రెండోది అతుకుపని. సరుకు పై దేశాలకి పోయి ఎంత ధర పలికినా అల్లిన చేతికి అందేది చాలా తక్కువ. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు ఇక్కడికొచ్చి, ఇంట్లో కూర్చుని చేస్తారు కాబట్టి దీన్ని పనిగానే లెక్కవెయ్యని తీరు మీద 1982లో పుస్తకం అచ్చువేసింది. 2024లో ఈ లేసుకి కూడా భౌగోళిక గుర్తింపు వచ్చింది. కూలి కూడా ఆ గుర్తింపుతో పాటు పెరిగితే బాగుండును.

రిబిన్స్క్‌కి ఉత్తరంగా వొలొగ్దా ఉంది. రష్యాలో లేసంటే వొలొగ్దా పేరే చెబుతారు. అక్కడ ఆ అల్లకానికే ఒక మ్యూజియం కూడా ఉంది. వాళ్ళది సూదితో చేసేది కాదు. గుండ్రటి దిండు మీద గుండుసూదులు గుచ్చి, చిన్న చిన్న కర్ర కదుళ్ళకి చుట్టిన దారాలని ఒకదాని మీదుగా ఒకటి దాటిస్తూ అల్లుతారు. అలాంటి చోటికి లేసు పట్టుకెళ్ళడమేమిటి అంది మా వదిన. నాకు మాత్రం అందుకే పట్టుకెళ్ళాలనిపించింది. లేసు ఎరిగిన ఊళ్ళో పెరిగిన ఆడమనిషి దాన్ని చూడగానే ఎన్ని గంటల పనో చెప్పగలదు. టీ బల్ల ఉన్న ఇల్లు, బల్ల మీద గుడ్డ పరిచే ఇల్లు. చోటు కూడా కనిపించింది. నరసాపురం వెళ్ళి, దుకాణంలో కాకుండా అల్లినావిడ దగ్గరే, అడిగిన ధరకే తీసుకున్నాను.

చివరి నిమిషంలో ఇంకొకటి సంచిలో చేరింది. నా చిన్నప్పటి పుస్తకాల పెట్టెలో మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు ఇంకా ఉన్నాయి. విశాలాంధ్ర వాళ్ళ దగ్గర కొన్నవి, చిన్నపిల్లల డబ్బుకి కూడా అందిన పుస్తకాలు, గట్టి కాగితం, పేజీ పేజీకీ రంగుల బొమ్మలు. మాస్కోలో కూర్చుని ఉప్పల లక్ష్మణరావు, రాళ్ళబండి వెంకటేశ్వరరావు లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి తెలుగులోకి తెచ్చారు. అచ్చువేసింది మొదట ప్రోగ్రెస్, 1982 తరవాత రాదుగ ప్రచురణాలయం. సోవియట్ దేశం 1991లో విడిపోవడంతో ఆ పుస్తకాలూ ఆగిపోయాయి. మా తరం పిల్లలకి ఊళ్ళో కూర్చునే మంచూ భూర్జవృక్షాలూ ఎలుగుబంట్లూ పరిచయమయ్యాయంటే వాళ్ళ చలవే. అందులో చుకోవ్‌స్కీ రాసిన, జంతువులకి వైద్యం చేసే డాక్టరు కథ ఒకటి తీశాను. అట్ట కొద్దిగా నలిగింది. డాక్టరు కాబోయే పిల్లకి భాష నేర్పినావిడకి అదే సరైనదనిపించింది.

రిబిన్స్క్ పాత ధాన్యం రేవు. చేపల మీద బతికిన పేట 1777లో పట్నమైంది. వోల్గా మీద పెద్ద పడవల్లో వచ్చిన ధాన్యాన్ని అక్కడే చిన్న పడవల్లోకి ఎక్కించి సెయింట్ పీటర్స్‌బర్గ్‌కి పంపేవాళ్ళు. పడవలని ఒడ్డునుంచి తాళ్ళతో లాగే కూలీలు వేలల్లో ఆ ఊళ్ళో కాచుకునుండేవాళ్ళట. వాళ్ళకి ఒక విగ్రహం కూడా పెట్టారు. సోవియట్ రోజుల్లో ఊరి పేరు షెర్బకోవ్ అని మార్చారు, మళ్ళీ పాత పేరే ఇచ్చారు, అంద్రోపోవ్ అన్నారు, మళ్ళీ పాత పేరుకే వచ్చారు. జనం మాత్రం రిబిన్స్క్ అనే అంటూ వచ్చారని టీచరుగారి మాట.

ఆగస్టులో ఆ ఇంటికి చేరాం. ఆవిడ తలుపు తీసింది. మా మేనకోడలు తొందరపడి గడప ఇవతలనుంచే పూలు అందించబోతే చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. చెప్పులు, నవ్వులు, కూర్చోవడాలు అయ్యాక లేసు గుడ్డ చేతిలో పెట్టాను. మడత విప్పగానే ఆవిడ చేసిన మొదటి పని దాన్ని తిరగెయ్యడం. వెనక వైపు అతుకులు వేలితో తడిమింది. ముందువైపు చూసేవాళ్ళు అందం చూస్తారు, వెనక తిప్పేవాళ్ళు పని చూస్తారు. ఎంతమంది చేశారు, ఎన్నాళ్ళు పట్టింది, ఏమిస్తారు అని వరసగా అడిగింది. మా పిల్ల తర్జుమా చేస్తుంటే నేను ఉన్నదున్నట్టు చెప్పాను. కూలి సంగతి విని తల అడ్డంగా ఊపింది. తన మేనత్త కూడా అదే చెప్పేదట, లేసు అమ్మేవాడిదే గాని అల్లేదానిది కాదని. తరవాత బల్ల మీదున్న గుడ్డ తీసేసి, ఇది పరిచి, దాని మీదే టీ కప్పులు పెట్టింది. కాసేపటికి ఎర్రటి పళ్ళ పాకం చుక్కొకటి దాని మీద పడింది. మా పిల్ల కంగారుపడింది గానీ నాకెంత సంతోషమయిందో చెప్పలేను. గుడ్డ ఆ ఇంటిదైపోయింది.

పుస్తకం తీసినప్పుడు మాత్రం ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. అక్షరాలు ఒక్కటీ తెలియవు, బొమ్మలన్నీ తెలుసు. నేను తెలుగులో చదవడం మొదలుపెడితే ఆవిడ పేజీ చూడకుండా రష్యన్‌లో అందుకుంది. ఎవరూ ఎవరి కోసమూ ఆగలేదు. పూతరేకులు తిన్న వాళ్ళ మనవడు కాగితం కూడా తినచ్చా అని అడిగి, తను తిన్నది కాగితం కాదని తెలిసి ఇంకోటి తీసుకున్నాడు.

మొలొగా మాట ఆవిడే ఎత్తింది, మర్నాడు. ఏటా ఆగస్టులో ఆ ఊరివాళ్ళూ వాళ్ళ పిల్లలూ రిబిన్స్క్‌లో కలుసుకుంటారు, వీలైతే పడవలో ఊరున్నచోటికి వెళ్ళి నీళ్ళమీద పూలు విడుస్తారు. 1995లో పెట్టిన మొలొగా మ్యూజియానికి మమ్మల్ని తీసుకెళ్ళింది. రాజుల కత్తులూ కిరీటాలూ లేని మ్యూజియం అది. ఇళ్ళలోంచి వచ్చిన మామూలు సామాన్లు, ఫొటోలు, కాగితాలు. ఊరివాళ్ళు తమ ఇళ్ళల్లో మిగిలినవి తెచ్చి ఇచ్చినవే ఎక్కువ. అక్కడ నిలబడి చెప్పింది. మొలొగా జనం వెళ్ళేటప్పుడు కర్ర ఇళ్ళని విప్పి, దుంగ దుంగకీ అంకె వేసుకుని, తెప్పలు కట్టి నీళ్ళమీద తేలుస్తూ తీసుకొచ్చుకున్నారు. వాళ్ళమ్మ చిన్నపిల్ల, అలాంటి తెప్ప మీద, తమ ఇంటి దుంగల మీద కూర్చుని వచ్చింది.

అప్పుడు నా వైపు తిరిగి అడిగింది, మీ దగ్గర కూడా కడుతున్నారట కదా అని. మేనకోడలు ఎప్పుడో చెప్పి ఉంటుంది. అవునన్నాను. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పటి సంగతి చెప్పాను. గండిపోచమ్మ గుడి నీళ్ళలో ఉన్న ఫొటో ఫోనులో చూపించాను. వోల్గా మీద ఎగువన కల్యాజిన్‌లో చర్చి గంటల గోపురం ఒక్కటే నీళ్ళలోంచి పైకి నిలబడి ఉంటుంది, ఆవిడ దాని ఫొటో చూపించింది. రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టుకుని చూశాం.

"మీవాళ్ళు వెళ్ళేటప్పుడు ఏం తీసుకెళ్ళారు?"

నాకు తెలిసింది చెప్పాను. టేకు ద్వారబంధాలు, కిటికీ రెక్కలు, దూలాలు, పెంకులు విప్పి ట్రాక్టర్ల మీద తీసుకెళ్ళారని. తిరగళ్ళు, రోకళ్ళు. ఒకావిడ తులసి కోటలో మట్టి సంచిలో పోసుకుని తీసుకెళ్ళిందని. ఆవిడ ఇంకా, ఇంకా అని అడుగుతూ పోయింది. పాతికేళ్ళు ఆ ఊళ్ళ పక్కనే పాఠాలు చెప్పినదాన్ని, ఆ ప్రశ్న ఎవరినీ అడగాలని నాకెప్పుడూ తోచలేదు. ఎంత పరిహారం వచ్చింది, ఇల్లు ఎక్కడిచ్చారు అనే అందరం అడిగాం. అవి అడగాల్సినవే, ఇంకా తేలనివాళ్ళు ఉన్నారు కాబట్టి ఇంకా అడగాలి. ఈ ప్రశ్న కూడా అడగాలి.

బయల్దేరేటప్పుడు మా రేకు డబ్బా తిరిగొచ్చింది. నిండా ఎండబెట్టిన పుట్టగొడుగులు, పైన చిన్న సీసాలో ఆ ఎర్రటి పాకం. ఎవరిదైనా గిన్నె ఖాళీగా తిరిగి పంపకూడదు అని ఆవిడ అంటుంటే మా మేనకోడలికి అనువదించాల్సిన పని లేకపోయింది.

ఇప్పుడు ఆదివారాలు నేనూ, మా బడిలో చదివి ఫొటో స్టూడియో పెట్టుకున్న ఒక కుర్రాడూ పునరావాస కాలనీలకి వెళ్తున్నాం. ఇంటింటికీ వెళ్ళి ఒకటే అడుగుతున్నాం, ఊరొదిలేటప్పుడు ఏం తెచ్చుకున్నారు అని. వస్తువు ఎవరి దగ్గర్నుంచీ తీసుకోవడం లేదు. ఫొటో తీసి, పేరూ ఊరూ వస్తువు కథా రాసుకుంటున్నాం. ఒక ఇంట్లో గుమ్మానికి వేలాడదీసిన ఎడ్ల గంట, ఇంకో ఇంట్లో కాలనీ ఇంటికి సరిపోక గోడకి ఆనించి ఉంచిన పాత దర్వాజా, ఒక ముసలామె కొంగులో ముడేసుకున్న జీలుగు గింజలు. అన్నీ చేరాక పోలవరంలో ఒక గది కావాలి, పంచాయతీని అడుగుతాం. దేవీపట్నం, తొయ్యేరు, కొరుటూరు, శివగిరి, టేకూరు, కొయిదా వాళ్ళు ఎవరైనా ఇది చదివితే, మీ ఇంట్లో ఏ మూలనో అలాంటిది ఉంటుంది. దాని కథ మీరే చెప్పాలి. కబురు పంపితే మేమే వస్తాం.